కట్ట కింద మోగని సైరన్

బ్రెజిల్‌లో మినాస్ జెరాయిస్ అనే రాష్ట్రం పేరులోనే గనులున్నాయి. అక్కడి బ్రుమాజిన్యోలో ఇన్యోచిమ్ అనే పెద్ద ఆరుబయలు మ్యూజియం వుంది. ఇనుప ఖనిజం వ్యాపారి బెర్నార్దో పాజ్ పెట్టాడు. 2006లో జనానికి తెరిచారు. అందులో ఒక గుట్ట మీద అమెరికా కళాకారుడు డగ్ ఎయిట్‌కెన్ 2009లో గుండ్రటి అద్దాల మండపం కట్టాడు. నేలలోకి 202 మీటర్ల బోరు వేసి, వేర్వేరు లోతుల్లో మైకులు దింపాడు. భూమి కడుపులో చప్పుడు అప్పటికప్పుడే పైకి వినబడుతుంది. మండపంలో చూడ్డానికి ఇంకేమీ లేదు.

మేం అక్కడికి పోలేదు. రికార్డు చేసిన ముక్కలే విన్నాం. దూరంగా తిరగలి తిప్పుతున్నట్టు ఒక గుర్రుమనే మోత, ఆగి ఆగి మళ్లీ మొదలవుతుంది. ముందు మంచి చెప్పుకోవాలి. గని కంపెనీ కూడా నేలకి బోరే వేస్తుంది, కింద ఎంత సరుకుందో లెక్క కట్టడానికి. అదే పనిముట్టుతో ఏమీ తవ్వుకోకుండా వినడానికి మాత్రమే బోరు వేశాడు ఎయిట్‌కెన్. ఆ ఆలోచన మాకు నచ్చింది.

కాని 2019 జనవరి 25 తర్వాత ఆ మండపాన్ని వెనకటిలా వినలేం. ఆ రోజు మధ్యాహ్నం 12.28కి అదే బ్రుమాజిన్యోలో వాలే కంపెనీ గని వ్యర్థాల కట్ట తెగింది. సుమారు కోటీ ఇరవై లక్షల ఘనపు మీటర్ల బురద కిందికి దూకింది. 270 మంది చనిపోయారు. గర్భిణుల కడుపులో పోయిన ఇద్దరు బిడ్డల్ని కలిపి 272 అంటారు కుటుంబాలవాళ్లు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది కంపెనీ కార్మికులు, కాంట్రాక్టు కూలీలు. వాళ్లు అన్నం తినే క్యాంటీను ఆ కట్ట కిందే వుంది. సైరన్ మోగలేదు. బురద ముంచేసింది కాబట్టి మోగలేదని కంపెనీ చెప్పింది! 202 మీటర్ల లోతున చప్పుడు వినే ఏర్పాటు వున్న ఊళ్లో, కళ్లెదుటి కట్ట గురించి కూలోళ్ల చెవిన వేసే ఏర్పాటు పనిచెయ్యలేదు.

ఇది కళాకారుడి తప్పని మేం అనడం లేదు. ఏ చప్పుడు కళ అవుతుంది, ఏది కాదు అన్నదే మా ప్రశ్న. మన చాలా ఊళ్లల్లో చెరువు కట్ట కనిపెట్టుకుని వుండే నీరటికాడు వాడ మనిషే. గండి పడుతుందంటే అర్ధరాత్రి డప్పు కొట్టి ఊరిని లేపిందీ వాడ మనిషే. ఆ మోతని సంగీతం అనలేదు, వెట్టి అన్నారు. చర్మాన్ని ముట్టిన చేతుల్ని మైల అన్నారు. అలాంటి చెవులతో వింటే, ఎయిట్‌కెన్ మండపంలో మనిషి గొంతు లేకపోవడం మాకు కొట్టొచ్చినట్టు వినబడుతుంది. మనుషుల్ని తీసేసి కడిగిన భూమి అది. అడవి కావాలి, అడవిలో వాళ్లు అక్కర్లేదు అనే మన అగ్రవర్ణ పర్యావరణవాదం తెలిసినవాళ్లకి ఈ శుభ్రం కొత్తేం కాదు. మినాస్‌లో 18వ శతాబ్దంలో బంగారం తవ్వింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. బానిసత్వానికి ఎదురు నిలిచిన నల్లవాళ్ల వాడలు, కిలొంబోలు, బ్రుమాజిన్యోలో నేటికీ వున్నాయి. బురద పారిన పరావొపేబా నది ఒడ్డున పటషో ఆదివాసులకి చేపల వేట పోయింది. ఆ మైకుల్లో వీళ్లెవరూ లేరు.

అదే మ్యూజియంలో క్రిస్ బర్డెన్ 2008లో 45 మీటర్ల ఎత్తు నుంచి 71 ఉక్కు దూలాల్ని తడి కాంక్రీటులోకి జారవిడిచాడు. బలప్రదర్శన, అంతే. మాథ్యూ బార్నీది వేరు. పెద్ద యంత్రం, దాని పట్టులో వేళ్లతో పెకలించిన చెట్టు. పేరులోనే బురదా, పదునైన అంచూ వున్నాయి. బార్నీ యంత్రాన్ని దాచలేదు, నల్లవాళ్ల దేవుళ్లలో ఇనుముకి అధిపతి అయిన ఓగుమ్‌ని మరిచిపోలేదు. అందుకే మాకు ఎయిట్‌కెన్ కన్నా బార్నీయే నిజానికి దగ్గరగా కనిపిస్తాడు. ఇన్యోచిమ్‌కి డబ్బిచ్చే కంపెనీల్లో 2019 తర్వాత కూడా వాలే వుందన్న సంగతి మాత్రం ఏ శిల్పమూ చెప్పదు.

కుటుంబాలవాళ్లు కొట్లాడి సాధించుకున్న స్మారకం 2025 జనవరిలో తెరుచుకుంది. అక్కడ 272 ఇపే చెట్లు నాటారు. ఏటా జనవరి 25న ఊళ్లో గుమిగూడి, 12.28కి మౌనంగా నిలబడతారు. చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతారు.