మిక్సీ మోత కింద మాట

పోయిన మార్చిలో ఒక ఆన్‌లైన్ సదస్సులో పత్రం చదువుతున్నాను. విషయం, తెలుగు స్త్రీవాద సాహిత్యంలో వంటిల్లు. నాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు. పన్నెండో నిమిషంలో, ఇంటి చాకిరీ ఎట్లా అదృశ్య శ్రమగా మిగిలిపోతోందో చెప్తుండగా మా వంటింట్లో మిక్సీ మొదలైంది. కొబ్బరి పచ్చడి. తెర మీద చిన్న చిన్న గడుల్లో ఉన్న ముఖాలు కొన్ని నవ్వాయి. అధ్యక్షురాలు "మీ వెనక ఏదో చప్పుడండీ" అన్నారు. మైకు ఆపేసి వంటింటి గుమ్మంలోకి పరిగెత్తి, "అమ్మా, ఆ మిక్సీ ఆపు! ఇక్కడ పని చేసుకుంటున్నా!" అని అరిచాను.

అమ్మకి కాస్త చెముడు. నా మాట వినపడలేదు గానీ నా ముఖం చూసి స్విచ్ కట్టేసింది. "మీ నాన్నగారూ ఇదే అనేవారు" అంది. అందులో కోపం లేదు. ఏదో పాత విషయం గుర్తొచ్చినట్టు అంది, అంతే.

నేను వెనక్కొచ్చి మిగిలిన ఎనిమిది నిమిషాలూ అదృశ్య శ్రమ గురించి చదివాను. పత్రం బాగుందన్నారు. ఆ పూట పచ్చడి కచ్చాపచ్చాగానే ఉంది.

ఆ రోజు నుంచీ నన్ను వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. నా పనిని 'పని' అనీ, అమ్మ పనిని 'చప్పుడు' అనీ అనగలిగిన నోరు నాకెక్కడి నుంచి వచ్చింది? డాక్టరేట్ కోసం అయిదేళ్లు వంటింటి కవిత్వం, వంటింటి కథలు చదివినదాన్ని. ఆ చదువులో ఎక్కడో ఏదో ఒకటి వదిలేసి ఉండాలి. వెనక్కి వెళ్లి చూసుకుంటే, నేను వంటింటిని కళ్లతో చదివాను, ముక్కుతో చదివాను. చెవులతో చదవలేదు.

విమల 'వంటిల్లు' కవితనే తీసుకుందాం. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' చదివినవాళ్లెవరూ ఆ కవితని మర్చిపోరు. చిన్నప్పటి కమ్మటి వాసనల జ్ఞాపకంతో మొదలై, వంటిళ్లని కూల్చేద్దాం రమ్మనే పిలుపు దాకా నడుస్తుంది. అమ్మ ఏలే సామ్రాజ్యంలో గిన్నెల మీద నాన్న పేరు ఉండటాన్ని కవయిత్రి పట్టుకున్న తీరు గురించి నా సిద్ధాంత గ్రంథంలో నాలుగు పేజీలు రాశాను. గ్యాసు, గ్రైండరు, టైల్సు వచ్చినా వంటింటి సూత్రాలు మాత్రం మారలేదన్న మాటా ఆ కవితలో ఉంది. ఆ గ్రైండరుని ఆధునికతకి గుర్తుగా చూసి వదిలేశాను. అది మోగే వస్తువని నాకు తట్టలేదు. ఇది కవిత లోపం కాదు, చదివిన నా లోపం.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథని చెవితో చదివితే ఏమవుతుందో చూద్దాం. ఇల్లు అలకడంలో మునిగిపోయి ఒక ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది. పిల్లలకి అమ్మ, పనిమనిషికి అమ్మగారు, మొగుడికి ఏదో ఒక పిలుపు. పేరు వెతుక్కుంటూ సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి వెళ్తుంది. అయితే ఆమెకి పేరు దొరికేది కాగితం మీద కాదు. చిన్ననాటి స్నేహితురాలు చూసి "శారదా" అని పిలిచినప్పుడు. ఈ కథని మనం అస్తిత్వ కథగా ఎన్నోసార్లు చర్చించుకున్నాం. కానీ ఇది వినికిడి కథ కూడా. పేరు పోవడం అంటే ఆ పేరుతో పిలిచే గొంతు ఇంట్లో లేకపోవడం.

అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కూడా అంతే. అందులో ఇల్లాలు కోరుకునేది కంటినిండా నిద్ర. నగలు కాదు, చీరలు కాదు. నిద్రకి మొదటి శత్రువు చప్పుడే కదా. ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఆమెకి మాత్రం ఎవర్నీ "కాస్త చప్పుడు చేయకండి" అనే హక్కు లేదు. ఇంట్లో నిశ్శబ్దం ఎవరి సొత్తు అనే ప్రశ్న ఆ కథ అడుగునే ఉంది. మనం పైకి తీయలేదు.

ఇక్కడ భాషలోకి ఒకసారి వెళ్లాలి. మా అమ్మమ్మ తిరగట్లో విసిరేది, రోట్లో దంచేది, సన్నికల్లు మీద నూరేది, రుబ్బురోట్లో రుబ్బేది, కవ్వంతో చిలికేది. అయిదు పనిముట్లు, అయిదు క్రియలు. ఒక్కో క్రియకి ఒక్కో కూర్చునే తీరు, ఒక్కో చప్పుడు. పక్కగదిలో పడుకుని కళ్లు మూసుకున్నా లోపల ఏం తయారవుతోందో చెవికి తెలిసేది. ఇప్పుడు అన్నిటికీ కలిపి "మిక్సీ పట్టడం" అంటున్నాం. పెసరట్టు పిండి అయినా, పసుపుకొమ్ములైనా, మజ్జిగైనా అదే మోత.

ఆ పాత చప్పుళ్లకి ఒక లయ ఉండేది, ఎందుకంటే అది చెయ్యి ఆడే వేగం. ఆ లయ మీద పాట నిలబడింది. తిరగటి పాటలు, దంపుళ్ల పాటలు అట్లా పుట్టినవే. 1958లో పుస్తకంగా వచ్చిన బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' మొదలుకొని మన పరిశోధకులు వాటిని శ్రద్ధగానే పట్టించుకున్నారు. మిక్సీలో తిరిగే మోటారు నిమిషానికి సుమారు 18 వేల నుంచి 20 వేల చుట్లు తిరుగుతుంది. ఏ చెయ్యీ, ఏ గొంతూ అందుకోలేని వేగం అది. మిక్సీ పాట అనేది ఒకటి ఎందుకు లేదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అట్లాగని రోలుని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. మా అమ్మమ్మ భుజం చివరి పదేళ్లూ పైకి లేవలేదు. అదీకాక ఆ రోళ్ల దగ్గర ఎవరి చేతులు ఆడేవి అన్న ప్రశ్న ఉంది. మా ఇంట్లో పండగల ముందు వడ్లు దంచడానికి, పిండి కొట్టడానికి వచ్చినవాళ్లు వేరే వాడల ఆడవాళ్లు. వాళ్ల పాట మా పెరట్లో మోగింది గానీ వాళ్లు వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక కూడా 'వంటిల్లు' అనే మాటని అందరి వంటిల్లుగా వాడితే అది అజ్ఞానం కిందే లెక్క. చెమటతో పాడిన పాటని నీడలో కూర్చుని విన్న ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను.

మిక్సీ పుట్టుక కథ కూడా ఒక ఆడమనిషి ఫిర్యాదుతోనే మొదలవుతుంది. బొంబాయిలో మాధురీ మాథుర్ వాడే విదేశీ మిక్సర్ మన రుబ్బుళ్లకి తట్టుకోలేక పాడైంది. మనకి పనికొచ్చేది తయారుచెయ్యమని ఇంజనీరైన భర్త సత్యప్రకాశ్ మాథుర్‌ని ఆమె అడిగింది. అట్లా 1963లో సుమీత్ వచ్చింది. ఈ కథ ఎక్కడ చదివినా మోటారు బలం గురించే ఉంటుంది. నానిన పప్పునీ ఎండు పసుపునీ ఒకే యంత్రం నలగ్గొట్టాలి మరి. మోటారు లోపల కార్బన్ బ్రష్‌లు తిరిగే రాగి పలకల్ని రాసుకుంటూ ఉంటాయి, చల్లబరిచే ఫ్యాను గాలిని కోస్తూ ఉంటుంది, పైన బ్లేడు, దాని కింద కప్లరు. వీటన్నిటి చప్పుళ్లూ కలిసి, దగ్గర నిలబడ్డ మనిషి చెవికి 85 డెసిబెళ్లకి అటూ ఇటూగా, ఒక్కోసారి 90 దాకా చేరతాయి. ఆ నిలబడ్డ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకం రాశారు. ఇంటి యంత్రాలు వచ్చాక మగవాళ్లూ పిల్లలూ చేసే పనులు తగ్గాయి గానీ, తల్లి పని మాత్రం తల్లి మీదే ఉండిపోయిందని ఆవిడ వాదన. అక్కడి పొయ్యిల గురించి రాసినది మా ఇంటికీ సరిపోయింది. రుబ్బురోలు దగ్గర ఎప్పుడూ ఇద్దరుండేవాళ్లు. ఒకరు పొత్రం తిప్పితే ఒకరు పిండి తోసేవాళ్లు, మధ్యలో ఊరి కబుర్లు నడిచేవి. మిక్సీ వచ్చాక ఒక్క మనిషి చాలు. అమ్మమ్మ వసారాలోకి వెళ్లిపోయింది, పిన్ని చదువుకి వెళ్లిపోయింది, అమ్మ ఒక్కతే మిగిలింది. భుజం నొప్పి తగ్గిందన్నది నిజం. తోడు పోయిందన్నదీ నిజం. వారంలో ఒకరోజు ఉండే ఇడ్లీ రోజూ అయిందన్నది కూడా నిజమే.

ఇక చప్పుడుకి చట్టం ఏమంటుందో చూశాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. అది బయటి వాతావరణానికి. ఫ్యాక్టరీలో అయితే ఎనిమిది గంటల షిఫ్టుకి 90 డెసిబెళ్లన్న లెక్క ఉంది. వంటిల్లు బయటా కాదు, ఫ్యాక్టరీ కూడా కాదు. అక్కడ పనిచేసే చెవి ఏ పట్టికలోనూ లేదు. మిక్సీ రోజుకి పది నిమిషాలే కదా అనొచ్చు. కుక్కరు విజిలు, చిమ్నీ, వాషింగ్ మెషీన్ కలుపుకుంటే పది దగ్గర ఆగదు. 2019 నాటి కేంద్ర ప్రభుత్వ కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారనీ, చేసే పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది.

లెక్కలు అట్లా ఉంచి, మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అంటించిన కాగితం చెప్తాను. "గృహిణులు ఉదయం 6.30 లోపు మిక్సీలు వాడరాదు." బైకులకి, టీవీలకి, మగవాళ్ల ఫోన్లకి ఇట్లాంటి కాగితం లేదు. 6.40కి స్కూలు బస్సు. బాక్సులో ఇడ్లీ ఉండాలి, పచ్చడి ఉండాలి, మోత మాత్రం వినపడకూడదు. అందుకని కింది ఫ్లాటు ఆవిడ జార్ చుట్టూ తువ్వాలు చుట్టి, తలుపేసి, రెండు చేతులతో మిక్సీని పొట్టకి ఆనించుకుని పట్టుకుంటుంది. యంత్రానికి లేని సైలెన్సర్ ఆవిడ ఒళ్లే. ఇంటి పని వినపడే ఆ కొద్ది నిమిషాలని కూడా ఆడవాళ్లే దాచిపెట్టాలి.

నా వ్యాసం ఇక్కడితో ముగిసిపోతుందనుకున్నాను. పాత చప్పుడులో పాట ఉండేది, కొత్త చప్పుడు గొంతు నొక్కేసింది, పితృస్వామ్యం ఆ చప్పుడుని కూడా వద్దంటోంది. చక్కటి వాదన. రాసింది అమ్మకి కాస్త గట్టిగా చదివి వినిపించాను, మార్చి నాటి అరుపుకి క్షమాపణలాగా కూడా.

అమ్మ చివరిదాకా విని, "పాటలు పోయాయని ఎవరు చెప్పారే?" అంది.

నాన్న ఉన్నప్పుడు, నాయనమ్మ ఉన్నప్పుడు, అమ్మ మిక్సీ వేసి మాట్లాడేదట. మోత మొదలవగానే మొదలుపెట్టి, మోత ఆగే లోపల ఆపేసేదట. "ఎవరికీ వినపడదుగా. మీ నాయనమ్మని అనాల్సినవన్నీ అనేసేదాన్ని. మీ నాన్నగారి మాటలకి సమాధానాలు చెప్పేదాన్ని. ఒక్కోరోజు ఏడుపొస్తే ఏడిచేదాన్ని. నలిగిపోయిన పచ్చడిని మళ్లీ ఓ తిప్పు తిప్పేదాన్ని, మాట పూర్తవలేదని."

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. రోలుకి ఒక పక్కే దెబ్బ, మద్దెలకి రెండు పక్కలా. ఇన్నాళ్లూ ఉద్యోగం, ఇల్లు రెండూ మోసే నేనే మద్దెలననీ, అమ్మ రోలనీ అనుకునేదాన్ని. ఆవిడ మొర ఎక్కడ పెట్టుకునేదో నేనెప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి వెల్చేరు నారాయణరావు వ్యాసం మళ్లీ తీశాను. తెలుగు స్త్రీల రామాయణ పాటల గురించి ఇంగ్లీషులో రాసిన ఆ వ్యాసం 1991లో, పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన 'మెనీ రామాయణాస్'లో ఉంది. బ్రాహ్మణ స్త్రీలు ఇళ్లలో పాడుకునే పాటలకీ, బ్రాహ్మణేతర స్త్రీలు పని చేసుకుంటూ పాడే పాటలకీ ఉన్న తేడా అందులో చూపించారు. ఇన్నేళ్లూ నేను ఆ పాటలు ఏం చెప్తున్నాయో చూశాను. అవి మగవాళ్లు చెవి ఒగ్గని చోట పాడిన పాటలన్న సంగతిని మాత్రం నేపథ్యం కింద తీసేశాను. 'ఊర్మిళాదేవి నిద్ర'లో పద్నాలుగేళ్లు నోరెత్తని ఆడమనిషికి పాట మాట ఇచ్చింది. ఆ పాట ఆ ఇంట్లోనే ఉండగలిగింది, ఎందుకంటే పక్కనున్న మగవాళ్లకి అది ఆడవాళ్ల గోలే. వినే అర్హత లేదని పక్కన పెట్టిన చోటే ఆ రామాయణం నిలిచింది. మా అమ్మ మిక్సీ కూడా అట్లాంటి చోటే. తేడా ఒక్కటి. పాట ఇంకో ఆడదాని చెవిలో పడింది, నోటికి వచ్చింది, తరాలు దాటింది. మిక్సీ కింద మాట ఎవరి చెవిలోనూ పడలేదు. మా అమ్మ ముప్ఫై ఏళ్లు చెప్పినదానికి శ్రోత లేదు.

అమ్మ చెముడు మిక్సీ వల్లేనని ఏ డాక్టరూ అనలేదు. వయసు అన్నారు. ఆవిడకిప్పుడు మిక్సీ మోత పెద్దగా వినపడదు. దాన్ని వేసి మాట్లాడాల్సిన అవసరమూ లేదు, ఎదురు చెప్పాల్సినవాళ్లెవరూ లేరు కనుక. నేను తప్ప.

సదస్సు వాళ్లు పత్రాలు పుస్తకంగా వేస్తున్నారు, సవరించి పంపమన్నారు. 'అదృశ్య శ్రమ' అన్న భాగం తీసి మళ్లీ రాస్తున్నాను. ఆ మోత వెనక మీ అమ్మలు ఏం మాట్లాడుకున్నారో, మీరేం మాట్లాడుకుంటున్నారో రాసి పంపితే నాకు కావాలి. అమ్మని కూడా అడిగాను, అప్పుడు ఏమేం అనేదో చెప్పమని. ఆదివారం చెప్తానంది. ఆదివారం పప్పు నానబోసి, నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, మిక్సీ స్విచ్ వేసింది. చెప్పడం మొదలుపెట్టింది. నేను చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది.