‘ఒక ఊరి కథ’ - నీలమ్మ పాత్ర

మృణాల్ సేన్ దర్శకత్వమున వెలువడిన ‘ఒక ఊరి కథ’ 1977వ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము నందినది. అయినను దానిని గూర్చి ప్రేక్షకులలో రెండు విధములగు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. ప్రేంచంద్ ‘కఫన్’ కథను తెలుగు పల్లెకు తెచ్చిన యీ చిత్రమున వాసుదేవరావు ధరించిన వెంకయ్య పాత్ర పనిచేయ నిరాకరించును. ఎంత శ్రమించినను ఫలము భూస్వామికే చెందునని అతని వాదము. ఇది శ్రామికుని సోమరిగా చూపి యవమానించుట యని కొందరందురు. దోపిడిపై తిరుగుబాటని మరికొందరందురు.

ఉభయపక్షముల దృష్టియు వెంకయ్యపైననే నిలిచినది. మమతాశంకర్ ధరించిన కోడలు నీలమ్మ సంగతి యేమి? పని మానిన మామ, మగడు తినిన కూడు ఆమె రెక్కల కష్టమే. జగ్గయ్యపేట, నందిగామ మెట్టచేలలో ఎండలో మిరపకాయలు కోయు కూలిస్త్రీల నెరిగినవారికి దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. తిరుగుబాటు వెంకయ్యది, దాని వెల చెల్లించినది నీలమ్మ. ప్రసవవేదనలో దిక్కులేక ఆమె మరణించుటతో అతని తర్కములోని కొరత బయటపడినది. భూస్వామి దోపిడిని కనిపెట్టిన కన్ను, తన గుడిసెలోని దోపిడిని కానలేకపోయినది. వెంకయ్య దోషియా, వీరుడా యను చర్చ నీలమ్మ శ్రమను లెక్కింపక తెగునది కాదు.