వేసవి శిబిరములలో మరబండ్లు

వేసవి సెలవులలో మన పట్టణములందు విద్యార్థులకు రోబోల నిర్మాణమును పరిచయము చేయు పగటి శిబిరములు జరుగుచున్నవి. 2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యమున అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకము వచ్చిన తరువాత పాఠశాలలలో కూడ ఇట్టి పనిముట్లు కనబడుచున్నవి. బాలుర, బాలికల చేతికి స్క్రూడ్రైవరు అందుట మంచిదే. కాని అక్కడ బోధన ఎట్లు జరుగుచున్నదో విమర్శించి చూడవలసి యున్నది.

సాధారణముగా పిల్లలచే చేయించునది నల్లగీత వెంట నడచు చిన్న బండి. దాని అడుగున పరారుణ కిరణములను ప్రసరించు దీపములు, వాటిని గ్రహించు సెన్సరులు ఉండును. తెల్లని నేల కిరణములను త్రిప్పి పంపును, నల్లగీత పీల్చుకొనును. ఆ భేదమును బట్టి బండి కుడియెడమలకు తిరుగును. భాగములన్నియు డబ్బాలో సిద్ధముగా వచ్చును; ప్రోగ్రాము కూడ సిద్ధమే. సాయంకాలమునకు బండి నడచును, ఫొటో తీయుదురు, ప్రశంసాపత్రము ఇత్తురు.

ఆ బండినే వరండాలో ఎండలోనికి తెచ్చిన దారి తప్పవచ్చును. సూర్యకాంతిలోను పరారుణ కిరణములున్నవి గదా! అప్పుడు ఉపాధ్యాయుడు బండిని లోపలికి మార్చిన ప్రదర్శన దక్కును, పాఠము పోవును. నీడలో ఎంత, ఎండలో ఎంత అని సెన్సరు అంకెలను వ్రాసికొని, నల్లకాగితపు గొట్టము తొడిగి చూచి, ప్రోగ్రాములోని హద్దును విద్యార్థియే సవరింపవలెను. సీమర్ పాపర్ట్ 1980లో ప్రకటించిన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథములో, తప్పును వెదకి సరిదిద్దుటయే నేర్చుకొనుటకు మార్గమని వాదించెను. మన శిబిరములు ఆయన పరికరములను స్వీకరించినంతగా ఆ భావమును స్వీకరింపలేదు.

నిజామాబాదు జిల్లాలో ఇందుకు చక్కని ఉదాహరణము చేతికందు దూరముననే కలదు. చెరకురసము కొంచెము ఆమ్లము. అట్లే కాచిన చక్కెర కొంత గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవును. అందుచే సున్నపుపాలు కలుపుదురు. అది మితిమీరిన రసము రంగు ముదురును. కొలుచుట, పోల్చుట, సవరించుట - గీత వెంట నడచు బండికిని, చెరకురసము శుద్ధికిని సూత్రమొక్కటే. దీనినే ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అందురు. ఈ జిల్లా పసుపు క్షారము తగిలిన ఎర్రబడును. నిమ్మరసము, పసుపు కలిపిన నీటిలో సున్నపుతేట చుక్కచుక్కగా పడుచుండగా, రంగు మారగానే ధారను ఆపు పరికరమును శిబిరములో చేయింపవచ్చును. సున్నము కంటబడకుండ పెద్దలు దగ్గర నుండవలెను.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అది నడచిన కాలమున గానుగలు, బాయిలర్లు, వాటిని బాగుచేయు చేతులు పిల్లలకు ఇంటిప్రక్కనే కనబడెడివి. అట్టి చూపు కరవైన బాలునికి డబ్బాలోని బండియే తొలి యంత్రము కావచ్చును. కనుకనే శిబిరము బాధ్యత హెచ్చు.

'రోబో' అను మాట 1920 నాటి కారెల్ చాపెక్ నాటకము నుండి వ్యాపించినది. దాని మూలమైన చెక్ పదమునకు వెట్టిచాకిరి అని అర్థము. కాగితముపై చూపినట్లు మరలు బిగించుట మాత్రమే నేర్పిన శిబిరము పిల్లలకు అప్పగించునది ఆ చాకిరియే. తలిదండ్రులు సాయంకాలము "నీ బండి నడచినదా?" అని కాక, "ఎక్కడ ఆగినది, ఎందుకు ఆగినది?" అని అడుగుదురు గాక. ఆ ప్రశ్నకు బిడ్డ చెప్పు సమాధానమే శిబిరమునకు నిజమైన పరీక్ష.