గుర్రుమనే కుక్కతో పని

పరీక్ష బల్ల మీదికి ఎక్కించగానే కుక్క గుర్రుమంటే చాలామంది యజమానులు నలుగురిలో తలవంపుగా భావించి దాన్ని గద్దిస్తారు, ఒకటి తగిలిస్తారు కూడా. దయచేసి ఆ పని చేయకండి. దెబ్బ తిన్న కుక్కకు భయం పోదు, హెచ్చరించే అలవాటు మాత్రం పోతుంది. ఆ తర్వాత నేరుగా పళ్లే దిగుతాయి. కుక్కలను పట్టుకునే వృత్తిలో పండినవాళ్లు అరిచే కుక్క కంటే, ఉన్నట్టుండి బిగుసుకుపోయి చప్పుడు చేయకుండా నిలబడ్డ కుక్క దగ్గర ఎక్కువ జాగ్రత్తగా ఉంటారు.

ఒకప్పుడు ఈ వృత్తిలో బలానిదే పైచేయి. అదిమిపట్టడం, వెల్లకిలా పడేసి 'ఇక్కడ నేనే నాయకుణ్ణి' అనిపించుకోవడం. బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసినదాని నుంచి పెరిగిన ఆలోచన అది. 1970 నాటి పుస్తకంతో దానికి ప్రచారం తెచ్చిన పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో తానే సరిదిద్దారు. అమెరికా పశువైద్యురాలు సోఫియా యిన్ 2009లో తెచ్చిన పుస్తకం జంతువును బెదరనివ్వకుండా పట్టుకోవడాన్ని నేర్చుకోదగ్గ విద్యగా నిలబెట్టింది.

ఈ విద్యలో కళ్లకే ఎక్కువ పని. తిండి లేకుండానే పెదాలు నాకడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం: ఇవన్నీ గుర్రుకు ముందే వస్తాయి. అవి కనబడితే ఎదురుగా వెళ్లకూడదు, మీదికి వంగకూడదు, నెత్తిన చెయ్యి వేయకూడదు. పక్కకు తిరిగి నిలబడి కుక్కనే దగ్గరికి రానివ్వాలి. స్టీలు బల్ల మీద కాళ్లు జారితే భయం పెరుగుతుంది, కింద రబ్బరు మ్యాట్ పరవాలి. పెద్ద కుక్కకైతే నేలే మేలు.

కుక్క మూతికి తొడిగే మజిల్‌ను శిక్షగా చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎద్దు మూతికి కట్టే చిక్కం లాంటి బుట్ట మజిల్‌లో కుక్క నోరు తెరవగలదు, రొప్పగలదు, నీళ్లు తాగగలదు. కుక్క ఒంటి వేడి ముఖ్యంగా రొప్పడం వల్లే తగ్గుతుంది. కాబట్టి నోటిని బిగించేసే గుడ్డ మజిల్ కొద్ది క్షణాల పనికే. స్నానం తర్వాత డ్రైయర్ వేడిగాలి కింద, మన మే నెల ఎండల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పగ్ లాంటి చప్పిడి మూతికి మామూలు మజిల్ నిలవదు, మెడ చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టి పట్టుకుంటారు. అలవాటు ఇంట్లోనే మొదలవ్వాలి. బుట్ట అడుగున ఉడికించిన కోడి ముక్క పెట్టి, కుక్క తనంతట తానే మూతి పెట్టేదాకా ఆగాలి. పట్టీ బిగించడం చాలా రోజుల తర్వాతి మాట.

అయినా లొంగకపోతే గోళ్లు కత్తిరించడం ఇంకోరోజుకు వాయిదా వేయొచ్చు. వాయిదా వేయలేని చికిత్సకు పశువైద్యుడు మత్తు ఇస్తారు, అందులో ఓటమి ఏమీ లేదు. చెవిలో చీము గానీ, తుంటి నొప్పి గానీ ఉన్న కుక్క కూడా ముట్టుకుంటే కరుస్తుంది. ఇదివరకు ఎవరినైనా కరిచి ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.

కాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా ముందే వేయించుకున్నవారికీ కాటు తర్వాత డోసులు తప్పవు, కాకపోతే తక్కువ సరిపోతాయి, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. కుర్రాళ్లను ఈ పనిలో పెట్టుకునే యజమాని ఆ ముందస్తు టీకా ఖర్చు తానే భరించి, వాళ్లు కుక్క మీద చెయ్యి వేయకముందే వేయించాలి.