కార్యక్రమ పట్టికలో కనిపించని ప్రేక్షకుడు

దూరదర్శన్ తెలుగు ధారావాహికలను పరిశీలించేటప్పుడు కథ, పాత్రలు, భాష మన దృష్టికి వస్తాయి, ప్రసారవేళ రాదు. పాత దినపత్రికల్లో ఒక మూలన అచ్చయిన కార్యక్రమ పట్టిక కూడా విమర్శకు అర్హమైన పాఠమే.

హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం మొదలయ్యాక రాత్రి ప్రధాన సమయం ఢిల్లీకి దక్కింది. తెలుగు వార్తలు, వ్యవసాయ ప్రసారాలు, నాటికలు, శుక్రవారపు ‘చిత్రలహరి’ సాయంత్రపు కొద్ది గంటల్లోనే ఇమడవలసి వచ్చింది.

ఈ పట్టికను విశాఖపట్నం నుంచి చదివితే మరో కోణం తెలుస్తుంది. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలో ‘బి’ షిఫ్టు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు. ఆ షిఫ్టు నడిచినన్నాళ్లు కార్మికునికి తెలుగు సాయంత్రం లేనట్టే. ఇంటిల్లిపాదీ కలిసి చూసేవారన్న సాధారణీకరణ ఇక్కడ నిలవదు.

అయితే పట్టిక ప్రసారమైనదాన్నే చెబుతుంది. ఎవరు చూశారో చెప్పదు. ఆ ఖాళీని పూరించగల విశ్రాంత కార్మికులు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వారి జ్ఞాపకాలను ఇప్పుడే నమోదు చేయకపోతే, తెలుగు టెలివిజన్ చరిత్ర తీరిక ఉన్నవారి చరిత్రగానే మిగిలిపోతుంది.