తెలుగు బైబిలులో వెట్టి: మనం రాయని చారిత్రక నవల

చారిత్రక నవల అనగానే మన పాఠకుడికి కోట, గుర్రం, రాణి, రాజద్రోహం గుర్తుకొస్తాయి. ఇందులో పాఠకుడి తప్పేమీ లేదు. నోరి నరసింహశాస్త్రి, అడవి బాపిరాజు వంటి పెద్దల చేతుల్లో మన చారిత్రక నవల ఎక్కువగా నడిచిన దారి అది. వారి భాషాశక్తినీ పరిశోధనాశ్రద్ధనూ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా ప్రశ్న వేరు. రాజు కోటలో కాక, ఆ కోటకు ఇటుకలు కోసిన మనిషి గుడిసెలో మొదలయ్యే చారిత్రక నవల మనకెందుకింత అరుదు? ఆ మనిషి కథ మన పల్లెల్లో ప్రతి ఆదివారం బిగ్గరగా చదువుతున్నా, మన నవలాకారుడి చెవిన ఎందుకు పడలేదు?

నేను మాట్లాడుతున్నది ప్రాచీన ఇశ్రాయేలీయుల కథ గురించి. పుంగనూరుకు దగ్గర్లోని ఒక పల్లెలో, రేకుల కప్పు ప్రార్థనామందిరంలో, కొన్నేళ్ళ కిందట ఒక మిత్రుడి వెంట వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజు నిర్గమకాండంలోని ఇటుకల ఘట్టం చదివారు. ఫరో ఇటుకలకు గడ్డి ఇవ్వడం మానేశాడు. రోజువారీ లెక్క మాత్రం తగ్గించలేదు. గడ్డి కూడా మీరే ఏరుకుని, అన్నే ఇటుకలు కోయమన్నాడు. బోధకుడు విశ్వాసాన్ని గురించీ ఓర్పును గురించీ చెప్పి ముగించాడు. బయటికి వచ్చాక, వయసులో ఉన్నప్పుడు ఇటుక బట్టీల్లో పనిచేసిన ఒక అవ్వ నాతో అన్న మాట వేరు. “లెక్క తగ్గించకుండా గడ్డి ఆపేసినాడంటే, అది మేస్త్రీకి పుట్టే తెలివి కాదు నాయనా. పైనున్నోడి తెలివి అది. మేస్త్రీ కొడతాడంతే.”

సాహిత్య విమర్శ అంటే ఇదే కదా అనిపించింది నాకు. కొట్టేవాడికీ కొట్టించేవాడికీ మధ్య ఉన్న తేడాను ఆమె ఒక్క మాటలో పట్టుకుంది. అదే ఘట్టాన్ని మన రచయితలు దైవమహిమగా భావించి దణ్ణం పెట్టారు, లేదా మిషనరీ సరుకుగా భావించి పక్కన పెట్టారు.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి. తెలుగు బైబిలులో ఐగుప్తు బానిసల చేత చేయించిన పనికి వాడిన మాట ‘వెట్టి’. రాయలసీమ వాడికి ఇది నిఘంటువులోని మాట కాదు. కరణం, రెడ్డి, తలారి అని ఊరి కొలువును లెక్కపెట్టినప్పుడు చివరన వచ్చే మనిషి పేరే వెట్టి. ఆ మనిషి మాలపల్లె నుంచి వచ్చేవాడు. పుంగనూరు జమీ, కుప్పం వైపు కంగుంది జమీ 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయాయి. కరణం మునసబుల వ్యవస్థ 1984లో పోయింది. మాట మాత్రం ముసలివాళ్ళ నోట ఇంకా బతికే ఉంది. అమెరికా నుంచి వచ్చిన జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెను కేంద్రం చేసుకుని పనిచేశాడు. తెలుగు బైబిలు పరిష్కరణ సంఘానికి 1873 నుంచి చాలా ఏళ్ళు అధ్యక్షత వహించాడు. ఆయన ఆశయం మతవ్యాప్తి అనడంలో సందేహం లేదు. అయితే అనువాదానికి దాని బలం దానికుంటుంది. మూడువేల ఏళ్ళనాటి పరాయి బానిసల కథలోకి ‘వెట్టి’ అన్న తెలుగు మాట ప్రవేశించగానే, ఆ కథ మాలపల్లెకు సొంతమైంది. ఇది ఏ బోధకుడూ చేసిన పని కాదు. భాష చేసిన పని.

అది చరిత్రేనా అన్న ప్రశ్న రావడం సహజం. నిర్గమం బైబిలు చెప్పినట్టు, ఆరు లక్షలమంది పురుషులతో, జరిగిందనడానికి పురావస్తు ఆధారం లేదు. ఇశ్రాయేలు అన్న పేరు మొదట కనిపించేది ఫరో మెర్నెప్తా శాసనంలో, సుమారు క్రీ.పూ. 1208లో, ఆ శిల 1896లో బయటపడింది. కాని వెట్టి మాత్రం కల్పన కాదు. రెండో రామ్సెసు అయిదో పాలనా సంవత్సరానికి చెందిన ఒక తోలుచుట్ట పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నలభైమంది అధికారులకు తలా రెండువేల ఇటుకల లెక్క కట్టి, ఎవరు ఎన్ని తక్కువ తెచ్చారో అందులో రాసుకున్నారు. మూడో రామ్సెసు కాలంలో, క్రీ.పూ. 12వ శతాబ్దంలో, రాజుల సమాధులు తొలిచే పనివాళ్ళు కూలిగింజలు అందక పనిముట్లు కింద పెట్టారు. రాతలో మిగిలిన తొలి సమ్మెలలో అది ఒకటి. 1979లో నార్మన్ గాట్‌వాల్డ్ అనే పండితుడు మార్క్సిస్టు పద్ధతిలో ఒక పెద్ద గ్రంథం రాసి, ఇశ్రాయేలీయులు బయటినుంచి దండెత్తి వచ్చినవారు కారనీ, కనాను నగరాల ప్రభువులకు పన్నులూ వెట్టీ చేయలేక కొండలు పట్టిన రైతులే ఎక్కువనీ వాదించాడు. ఆ వాదం వివాదాస్పదమే. అయినా నవలాకారుడికి కావలసిన తలుపు అది తెరిచింది.

అంతకంటె పెద్ద తలుపు బైబిలులోనే ఉంది. రాజుల మొదటి గ్రంథం అయిదో అధ్యాయంలో సొలొమోను ఇశ్రాయేలీయులందరి చేత వెట్టి చేయించాడని ఉంది. ముప్పైవేల మంది, నెలకు పదివేల చొప్పున వంతులు, ఒక నెల లెబానోను అడవుల్లో, రెండు నెలలు ఇంట్లో. బరువులు మోసేవారు డెబ్బైవేలు, కొండల్లో రాళ్ళు కొట్టేవారు ఎనభైవేలు. అదే గ్రంథం తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి, ఇశ్రాయేలీయులలో ఎవరినీ సొలొమోను దాసులుగా చేయలేదని ఉంది. ఈ రెండు మాటలకూ మధ్య పొత్తు కుదర్చడానికి వ్యాఖ్యాతలు తంటాలు పడతారు. నవలాకారుడికి ఆ తంటా అక్కర్లేదు. ఆ రెండు వాక్యాల మధ్య సందులోనే అతని నవల ఉంది. ఒకటి రాళ్ళు కొట్టినవాడి జ్ఞాపకం, రెండోది ఆస్థాన లేఖకుడి సవరణ అని అతడు ఊహించవచ్చు.

తర్వాత ఏమైంది? సొలొమోను చచ్చాక ప్రజలు అతని కొడుకు రెహబాము దగ్గరికి వెళ్ళి కాడి తేలిక చేయమన్నారు. ఇంకా బరువు చేస్తానన్నాడతడు. వెట్టి మీద అధికారి అదోరామును పంపితే జనం రాళ్ళతో కొట్టి చంపారు. రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన రాజైన యరొబాము ఒకప్పుడు అదే వెట్టిపని మీద పై అధికారి. మేస్త్రీ తిరుగుబాటుదారు కావడం, తిరుగుబాటుదారు రాజు కావడం, రాజయ్యాక మళ్ళీ బంగారు దూడలు పోయించడం! ఇంతకంటె సంఘర్షణాత్మకమైన ఇతివృత్తం ఏ నవలాకారుడికి దొరుకుతుంది?

పడమటి అభ్యుదయ రచయితలు ఈ గని తవ్వకపోలేదు. హోవర్డ్ ఫాస్ట్ అమెరికా కమ్యూనిస్టు పార్టీ సభ్యుడిగా ఉంటూ, పేర్లు చెప్పనన్నందుకు 1950లో జైలుకు వెళ్ళినవాడు. ‘స్పార్టకస్’ను ప్రచురణకర్తలు కాదంటే 1951లో తానే అచ్చువేసుకున్నాడు. అంతకుముందే, 1948లో, గ్రీకు ప్రభువుల మీద తిరగబడిన యూదయ రైతుల కథను ‘మై గ్లోరియస్ బ్రదర్స్’గా రాశాడు. పార్టీని విడిచాక 1958లో ‘మోజెస్, ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ రాశాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదానిలో పొలం వదిలి కత్తి పట్టిన మనుషులున్నారు. రెండోదాని పేరులోనే రాకుమారుడున్నాడు; బానిసను మనం చూసేది రాకుమారుడి కంటితోనే. చారిత్రక నవలలో మహాపురుషుడు వెనక నిలబడి, మామూలు మనిషి ముందు నడవాలన్న లూకాచ్ మాట ఇక్కడ గుర్తుచేసుకోదగింది.

నన్ను ఎక్కువగా కదిలించినది తూర్పు జర్మనీ రచయిత స్టెఫాన్ హైమ్ 1972లో వెలువరించిన ‘కింగ్ డేవిడ్ రిపోర్ట్’. తండ్రి దావీదు చరిత్రను ఏకైక సత్యచరిత్రగా రాయమని సొలొమోను ఏతాను అనే చరిత్రకారుణ్ణి పిలిపిస్తాడు. నిజం దొరికినకొద్దీ అతడికి ప్రాణం మీదికి వస్తుంది. నాజీల నుంచి పారిపోయి, సోషలిజాన్ని కోరి తూర్పు జర్మనీకి చేరిన రచయిత, తన సొంత వ్యవస్థలోని ఆస్థాన లేఖకులకు అద్దం పట్టిన నవల ఇది. మనం ఇబ్బంది పడకుండా చదవలేం, అందుకే చదవాలి. అయితే దీనికీ ఒక పరిమితి ఉంది. ఏతాను రాతగాడు. రాళ్ళు మోసేవాడు అతని కిటికీలోంచి కనబడతాడే తప్ప గదిలోకి రాడు.

మరి మన మాటేమిటి? జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ గౌరవం దక్కింది. ‘గబ్బిలం’లో కులాన్ని నిలదీసిన కవి, క్రీస్తు కథను పద్యంలో నిలిపాడు. అయితే అది కావ్యం. చారిత్రక నవల చేయవలసిన పని దాన్ని అడగకూడదు. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చింది. అందులో రూతు తన భర్త రూబేను పూర్వీకులను తలుచుకుంటుంది. శివయ్య సీమోను అవుతాడు. బైబిలు పేర్లు అక్కడ పరాయి పేర్లుగా కాక, కరువుల్లో, కాలువ పనుల్లో, అవమానాల్లో నలిగి మన పేర్లయ్యాయి. చర్చిలోకి కులం కూడా నడిచి వచ్చిందన్న సంగతినీ రచయిత దాచలేదు. రూతు అన్న పేరు మాలపల్లెకు ఎలా వచ్చిందో ఆ నవల చెప్పింది. ఆ పేరు ఏ పొలంలో పరిగె ఏరుకుంటూ పుట్టిందో చెప్పే నవల మిగిలే ఉంది.

“పరాయి దేశపు చరిత్ర మనకెందుకు?” అంటారు కొందరు. తెన్నేటి సూరి ‘చంఘిజ్ ఖాన్’ను తెలుగు పాఠకుడు పరాయిదిగా చూశాడా? “మతప్రచారం అవుతుంది” అంటారు మరికొందరు. తొలి క్రైస్తవాన్ని కార్మికోద్యమంతో పోల్చి 1894లోనే వ్యాసం రాసిన ఎంగెల్స్‌కు లేని భయం మనకెందుకు? చిత్తూరు సీమలో పద్దెనిమిది రోజుల భారతం ఆడతారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి భీముడు కూలుస్తాడు. ఆ కథను నమ్మేవారూ నమ్మనివారూ కలిసే చూస్తారు. అది ఊరి ఆస్తి. ఆ ఊళ్ళోనే మరో పక్క వాడకు మరో పెద్ద కథ ఉంటే, దాన్ని చర్చికి వదిలేసి ఊరుకోవడం అభ్యుదయం కాదు, అలసత్వం.

అయితే ఈ కథను ఎత్తుకునే రచయితకు ఒక హెచ్చరిక. ఎర్రసముద్రం దాటగానే పుస్తకం మూసేస్తే సగం అబద్ధం చెప్పినట్టే. విముక్తులైన బానిసలు కనానులో ఏం చేశారో బైబిలు దాచలేదు. గిబియోనీయులను కట్టెలు కొట్టేవారిగా, నీళ్ళు తోడేవారిగా చేశారు. నిన్నటి వెట్టివాడు ఇవాళ మరొకడికి వెట్టి అంటగట్టాడు. ఫాస్ట్ నవల వెలువడిన 1948లోనే ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడింది. లక్షలమంది పాలస్తీనీయులు ఇళ్ళు వదిలిపోయారు. ప్రాచీన కథను నేటి భూమిపట్టాగా చూపేవారున్న లోకంలో, గిబియోను నీటిమోతగాడు లేని నవల ఎంత అందంగా రాసినా పాలకుడి నవలే అవుతుంది. పీడితుడి పక్షం వహించడమంటే ఒక జాతి పక్షం వహించడం కాదు; పీడన చేతులు మారినప్పుడు దృష్టి కూడా వెంట కదలాలి.

కుప్పం స్టేషన్‌లో తెల్లవారకముందే బెంగళూరు రైలు కోసం నిలబడే జనాన్ని చూసినవారికి నిర్గమం అన్న మాట వేరే అర్థంలో వినబడుతుంది. టిఫిన్ క్యారియరు చేత పట్టుకుని ఊరి చేను వదిలి, పరాయి నగరానికి ఇటుకా సిమెంటూ మోయడానికి వెళ్ళేవారు వారిలో ఉన్నారు. వారికి ఎర్రసముద్రం చీలదు. రాత్రికి మళ్ళీ అదే రైలు. మూడు భాషలు కలిసే ఆ ఊళ్ళో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. సాహిత్యం చదివే పిల్లలున్నారు. వారిలో చాలామంది ఇళ్ళల్లో బొగ్గు రంగు అట్టతో ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. దాన్ని మొక్కడానికో తిట్టడానికో కాక, రాజుల మొదటి గ్రంథం అయిదు, తొమ్మిది అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదవడానికి తెరవమని వారిని నేను కోరుతున్నాను.

ఆ రెండు వాక్యాల్లో ఏది ఎవరు రాయించారో తేల్చడం చరిత్రకారుడి పని. లెబానోనులో నెల రోజులు దేవదారు మాన్లు నరికి, ఇంటికి వచ్చి, తన చేను ఎండిపోయి ఉండటం చూసినవాడు ఆ రాత్రి పెళ్ళాంతో ఏమన్నాడో చెప్పడం మన పని. పుంగనూరు అవ్వకు ఆ మాట తెలుసు. మన నవలకే ఇంకా తెలియదు.