మేజర్ పద్మపాణి ఆచార్య ఉత్తరం: ఒక పరిశీలన

ఈసారి బడి సెలవులు నేను అమెరికాలో గడిపాను. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి ఆనుకొని కాపెల్ అనే పట్టణం ఉంది. అక్కడ మా అక్క కాపురం. ఆ ఊళ్ళో సరుకుల కొట్టుకు వెళ్ళినా, సాయంత్రం నడకకు వెళ్ళినా తెలుగు మాట చెవిని పడుతుంది. నేటాల్‌లో ఆదివారం తరగతి కోసం వారమంతా కాచుకొని నాలుగు తెలుగు మాటలు మాట్లాడుకునే నాబోటిదానికి అదొక పండుగే. అయితే ఇక్కడ చెప్పదలచినది ఆ పండుగ సంగతి కాదు. ఒక నోటుబుక్కు కారణంగా ఒక ఉత్తరాన్ని మళ్ళీ చదివాను. ఆ చదువులో నాకు తోచిన నాలుగు మాటలు పాఠకుల ముందు పెడుతున్నాను.

అక్క కొడుకు విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆర్.ఓ.టి.సి. అనే సైనికాధికారి శిక్షణలో చేరాడు. చదువు ముగియగానే సెకండ్ లెఫ్టినెంట్ అవుతాడు. వాడి దగ్గర ఆకుపచ్చ అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. ఆ రోజు ఏమి నేర్చుకున్నాడో, ఎక్కడ తప్పాడో రాత్రిపూట అందులో వ్రాసుకుంటాడు. వాడు నిద్రపోయాక అక్క దానిని తీసి చదువుతుంది. చదివి ఏడుస్తుంది. ఒకనాటి రాత్రి పుస్తకం నా చేతిలో పెట్టి, "నువ్వు పంతులమ్మవి కదే, చదివి చెప్పు. వీడికి ఏమైనా అయితే మాకు మిగిలేది ఇదేనా?" అంది.

నేను చదివాను. కాళ్ళు బొబ్బలెక్కిన సంగతి, పటం తప్పుగా చూసి నాలుగువందల మీటర్లు పక్కకు పోయిన సంగతి, తోటివాడికి నీళ్ళు ఇవ్వడం మరచినందుకు పడిన చీవాట్లు. అందులో ఏడవవలసినది ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నదానిని. తప్పులు దాచకుండా వ్రాసుకునే పిల్లవాడంటే నాకు గౌరవం. కాని అక్క ఆ పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదవడం లేదు. ఇంకా వ్రాయని చివరి పుట నుంచి వెనక్కు చదువుతోంది. అదే ఆమె దుఃఖం. అప్పుడు నాకు మేజర్ పద్మపాణి ఆచార్య ఉత్తరం గుర్తుకు వచ్చింది. మనమందరం దానిని కూడా అలాగే, వెనకనుంచే చదువుతున్నాం.

ఆచార్యది ఒడిశా మూలాలున్న కుటుంబం, ఊరు హైదరాబాదు. తండ్రి జగన్నాథ్ ఆచార్య భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేసి విరమించారు. కుమారుడు మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది రెండవ రాజపుతానా రైఫిల్స్ దళంలో చేరాడు. మన పెద్దలను నేటాల్‌కు తెచ్చిన మొదటి ఓడ ట్రూరో 1860లో బయలుదేరింది కూడా ఆ మద్రాసు నుంచే. ఆయన మాతృభాష తెలుగు కాదని ఎవరైనా అంటే నాకు నవ్వు వస్తుంది. తరగతిలో కూర్చొని, వత్తులూ గుణింతాలూ దిద్దుకొని తెలుగువాళ్ళమైనవాళ్ళం మనం. ఎవరు మనవారో తేల్చే తక్కెడ మన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

1999 వేసవిలో కార్గిల్ కొండలపై యుద్ధం జరిగింది. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారికి పైనున్న శిఖరాలలో శత్రువు కాపు వేసి కూర్చున్నాడు. జూన్ 28న కంపెనీ నాయకుడుగా ఆచార్యకు లోన్ హిల్ అనే స్థావరాన్ని పట్టుకునే పని అప్పగించారు. దారిలో మందుపాతరలు, ఎదురుగా మెషీన్ గన్లు, పైనుంచి ఫిరంగి గుండ్లు. ముందు నడిచిన ప్లటూనులో చాలామంది పడిపోగా ఆయన వెనకనున్న ప్లటూనును తీసుకొని తానే ముందుకు నడిచాడు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో, తనను అక్కడే విడిచి శత్రువు మీదికి పొమ్మని తన మనుషులకు చెప్పాడు. స్థావరం చేజిక్కింది, ఆయన మిగలలేదు. ముప్పై ఏళ్ళ ప్రాయం. మరణానంతరం మహావీర చక్రం ఇచ్చారు. భార్య చారులత అప్పుడు నిండు మనిషి. తండ్రిని చూడని కూతురు అపరాజిత కొద్దినెలల తరువాత పుట్టింది. పెద్దదై తండ్రి గురించి పుస్తకం వ్రాసింది.

యుద్ధానికి కొద్దిరోజుల ముందు తండ్రికి ఆయన వ్రాసిన ఉత్తరం చాలా పత్రికలలో వచ్చింది. చాలా చిన్నది. అందులోని విషయం నా మాటలలో చెబుతాను. ప్రాణనష్టం గురించి దిగులు పడవద్దని, అది ఈ వృత్తిలో ఉన్నదేనని, తమ చేతిలో లేనిదని, అయినా ఒక మంచిపని కోసమేనని మొదట అంటాడు. తరువాత అమ్మకు చెప్పమంటాడు: యుద్ధంలో నిలబడడం జీవితంలో ఒకసారి దొరికే గౌరవం, అంతకంటె తక్కువది తాను కోరనని. చివరకు, చారుకు రోజుకొక భారత కథ చెప్పమని, దానివల్ల పుట్టబోయే మనుమడికో మనుమరాలికో మంచి గుణాలు అబ్బుతాయని.

ఈ ఉత్తరం చదివిన ప్రతి తెలుగువాడికి అభిమన్యుడు గుర్తుకు వస్తాడు. తల్లి గర్భంలో ఉండగానే పద్మవ్యూహం సంగతి విన్నవాడు, లోనికి పోవడం తెలిసి బయటికి రావడం తెలియనివాడు. ఇక్కడ తండ్రే యుద్ధానికి పోతూ గర్భంలోని బిడ్డకు భారతం వినిపించమంటున్నాడు. పోలిక చేతికి అందినట్టే ఉంటుంది. సభలలో నేనే ఈ పోలిక చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఈసారి మాత్రం దానిని వెనక్కు తీసుకుంటున్నాను. అభిమన్యుడు సగం విద్యతో లోనికి వెళ్ళాడు. ఆచార్య పూర్తి విద్యతో వెళ్ళాడు. ముందు ప్లటూను ఆగిపోతే వెనక ప్లటూనును ఎప్పుడు కదపాలో, తాను పడిపోతే పని ఎలా ఆగకూడదో ఆయనకు ముందే తెలుసు. ఆయనను అభిమన్యుడనడం పొగడ్తలా వినబడినా, ఆయన నేర్చిన విద్యను తక్కువ చేయడమే అవుతుంది.

ఈ మాట నాకు తోచడానికి కారణం మా పిల్లవాడి నోటుబుక్కే. అందులో ఒక పుటనిండా అయిదు మాటలు మళ్ళీ మళ్ళీ వ్రాసి ఉన్నాయి: పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, ఆధిపత్యం. ఏమిటిరా ఇది అని అడిగితే, కింది సైనికులకు ఆజ్ఞ చెప్పే వరుస ఇది పిన్నీ, నిద్రలో లేపి అడిగినా ఇదే వరుసలో చెప్పాలి అన్నాడు. భారత సైన్యంలో పేర్లు కొంత వేరైనా పద్ధతి ఇటువంటిదే. ఇప్పుడు ఆచార్య ఉత్తరాన్ని ఆ వరుసలో పెట్టి చూడండి. ముందు పరిస్థితి: ప్రాణనష్టం ఉంటుంది. తరువాత లక్ష్యం: ఎందుకు ఉన్నామో. ఆ తరువాత ఎవరికి ఏమి చెప్పాలో, ఎవరు ఏమి చేయాలో. పైగా, చేయవలసిన పనికి కొలత కూడా ఇచ్చాడు: రోజుకొక కథ. కోడలిని బాగా చూసుకోండి అని వ్రాసి ఊరుకోలేదు. ఇది శిక్షణ పొందిన చేతివ్రాత. ప్రేమ కూడా ఆ వరుసలోనే వచ్చింది. అందుకే ఆ ఉత్తరంలో కన్నీరు పెట్టించాలని వ్రాసిన వాక్యం ఒక్కటీ లేదు.

లోపం చూడకపోతే విమర్శ కాదు కాబట్టి నాకు తోచినది కూడా చెబుతాను. ఉత్తరమంతా తండ్రితోనే మాట. అమ్మకు చెప్పండి, చారుకు చెప్పండి అంటాడు. ప్రాణనష్టం వృత్తిలో ఉన్నదే అనే మాట ఒక సైనికుడు మరొక సైనికుడికి చెప్పగలడు. యుద్ధాలు చూసిన వింగ్ కమాండరుకు అది ధైర్యవచనం. అదే మాట ఆ తల్లి చెవికి ఎలా వినబడి ఉంటుంది? మా అక్కను చూసిన తరువాత ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ ఒక్క ఉత్తరంలో ఆ ఇద్దరు స్త్రీలు వినేవారే కాని మాట అందుకునేవారు కారు. దీనిని నేను ఆ యువకుడి తప్పు అనను. మన ఇళ్ళలో ఉత్తరాలు అలాగే నడిచాయి. కాని ఉత్తరాన్ని మెచ్చుకునేటప్పుడు దీనిని దాటిపోకూడదు.

ఆ దళంలోనే, ఆ పోరులోనే మరణించిన మరొక యువకుడు కెప్టెన్ విజయంత్ థాపర్. వయస్సు 22. కమిషన్ పొంది ఆరేడు నెలలు. ఆయన ఉత్తరం వేరే రకం. తాను తిరిగి రాకపోతే తల్లిదండ్రులకు అందాలని తెలిసి వ్రాసినది. అనాథ బాలలకు కొంత సొమ్ము ఇవ్వమని, రుక్సానా అనే చిన్నపిల్లకు నెలకు 50 రూపాయలు ఇస్తుండమని, వీలైతే తాము పోరాడిన చోటు వచ్చి చూడమని అందులో కోరాడు. ఇక ఖాలూబర్ దగ్గర మరణించి పరమవీర చక్రం పొందిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే డైరీలో, తన సత్తా చూపేలోగా మృత్యువు వస్తే దానినే చంపుతానన్న అర్థం వచ్చే ప్రతిజ్ఞ ఒకటి ఉంది. లోకం ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుంది. ఒకటి ప్రతిజ్ఞ, ఒకటి వీలునామా, ఒకటి మామూలు ఉత్తరం. మూడింటినీ "వీరుడి చివరి మాటలు" అని ఒకే దండలో గుచ్చడం సరికాదు.

మా పిల్లవాడికి ఆచార్య సంగతి చెప్పినప్పుడు, "అది చివరి ఉత్తరమని ఆయనకు తెలుసా పిన్నీ?" అని అడిగాడు. తెలియదన్నాను. "అయితే ఆయన చివరి ఉత్తరం వ్రాయలేదు. ఇంటికి ఉత్తరం వ్రాశాడు, అంతే" అన్నాడు. ముప్పై ఏళ్ళ పంతులమ్మ చెప్పలేని విమర్శ ఇరవై ఏళ్ళవాడు ఒక్క మాటలో చెప్పాడు.

2003లో జె. పి. దత్తా తీసిన ఎల్.ఓ.సి. కార్గిల్ అనే హిందీ చిత్రంలో ఆచార్య వేషం మన అక్కినేని నాగార్జున వేశారు. చిత్రం నిడివి నాలుగు గంటలకు పైమాట. మనలో చాలామందికి ఆచార్య అంటే నాగార్జున ముఖమే గుర్తు. నటుడిని తప్పుపట్టను. అయితే తెరకు పెద్ద గొంతు కావాలి. ఆ ఉత్తరానిది చిన్న గొంతు. పిల్లలకు చిత్రం చూపించేవారు ముందు ఉత్తరం చదివి వినిపిస్తే, ఆ చిన్న గొంతు వారి చెవిలో నిలుస్తుంది.

ఇదంతా మనకెందుకు అని అడిగేవారికి ఒక్క సంగతి మనవి చేస్తాను. 1899 డిసెంబరులో బోయర్ యుద్ధంలో గాంధీగారు నడిపిన నేటాల్ భారతీయ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉన్నారు. వారిలో 800 మంది దాకా చెరకు తోటల నుంచీ తదితర పనుల నుంచీ వచ్చిన ఒప్పంద కూలీలే. కొలెన్సో దగ్గర, 1900 జనవరిలో స్పియన్ కాప్ దగ్గర, గాయపడిన సైనికులను డోలీలలో మోసుకొని మైళ్ళ కొద్దీ నడిచారు. నాయకులకు పతకాలు దక్కాయి. గాంధీగారు తమ గ్రంథాలలో ఆ సంగతులు వ్రాశారు. మరి మోసినవారు ఆ రాత్రి ఏమనుకున్నారు? ఇంటికి ఏమి చెప్పి పంపుకున్నారు? వారి చేతివ్రాత మనకు లేదు. 1860 నుంచి 1911 వరకు నేటాల్‌కు వచ్చిన 1,52,184 మందికి ఓడ పట్టికలో ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు ఉన్నాయి. అదైనా గుమాస్తా వ్రాసినదే. మా ముత్తాత గురించి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క వరుసే. ఆయన కాళ్ళకు బొబ్బలెక్కాయో లేదో నాకు తెలియదు. మా పిల్లవాడి కాళ్ళకు ఎక్కిన సంగతి వాడి మనుమలకు కూడా తెలుస్తుంది.

అందుచేత పాఠకులకు నా విన్నపం. మీ ఇంట్లో తాతముత్తాతల ఉత్తరం, పద్దుపుస్తకం, బడి పలకమీది వ్రాతకు నకలు, ఏదైనా ఉంటే ఆదివారం తరగతికి తీసుకురండి. గొప్ప మాటలు ఉండనక్కరలేదు. బియ్యం ధర ఉన్నా చాలు. పిల్లలచేత మొదటి పుట నుంచి చదివిద్దాం.

నేను తిరిగి వచ్చిన తరువాత అక్క ఫోను చేసింది. ఆ పుస్తకం ఇప్పటికీ చదువుతోందట. అయితే ఇప్పుడు వాడిని అడిగి, వాడి పక్కన కూర్చొని చదువుతోందట. మొన్న పటం సరిగ్గా చూశాడని వ్రాసుకున్నాడట. "ఇరవై మీటర్లే తప్పాడే" అని సంతోషంగా చెప్పింది.